దోషి అని తేలాక జరగాల్సిన విచారణ

హత్య నేరం రుజువైతే న్యాయమూర్తి ముందు ఉండేవి రెండే శిక్షలు: ఉరి, లేదా యావజ్జీవ కారాగారం. 1860 నాటి శిక్షాస్మృతిలో 302వ సెక్షన్ ఈ మాటే చెప్పింది, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 103వ సెక్షనూ అదే చెబుతోంది. మారిందల్లా ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకునే పద్ధతి.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం, మరణశిక్షకు అవకాశమున్న నేరంలో న్యాయమూర్తి అంతకన్నా తక్కువ శిక్ష వేస్తే, ఉరి ఎందుకు వేయలేదో తీర్పులో కారణం రాయాల్సి వచ్చేది. అంటే ఉరే సాధారణ శిక్ష, ప్రాణం నిలపడానికే సంజాయిషీ కావాలి. 1955 సవరణ ఆ నిబంధనను తొలగించింది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ దాన్ని పూర్తిగా తిరగేసి, మరణశిక్ష వేయాలంటేనే ప్రత్యేక కారణాలు చూపాలని 354(3)వ సెక్షన్‌లో నిర్దేశించింది. దోషిగా తేలిన వ్యక్తి వాదనను శిక్ష విషయంలో విడిగా వినాలని 235(2)వ సెక్షన్‌లో చేర్చింది.

ఈ మార్పు అమల్లోకి రాబోతున్న రోజుల్లోనే, 1974 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఈడిగ అన్నమ్మ అప్పీలును సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ విన్నారు. హత్య నేరాన్ని నిర్ధారిస్తూనే, ఆమె చిన్న వయసును, అత్తింటి నుంచి గెంటివేతకు గురైన స్థితిని, పసిబిడ్డ తల్లి కావడాన్ని, ఏళ్ల తరబడి మెడపై వేలాడిన ఉరి భయాన్ని లెక్కలోకి తీసుకుని శిక్షను యావజ్జీవంగా మార్చారు. నేరాన్ని రుజువు చేయడంపైనే దృష్టి పెట్టే మన విచారణ, నేరస్థుడి జీవితం గురించి కోర్టుకు ఏ సమాచారమూ అందించదని ఆ తీర్పు ఎత్తిచూపింది. అర్ధశతాబ్దం దాటినా ఆ లోటు చాలావరకు అలాగే ఉందన్నది బాధాకరమైన నిజం.

1980లో బచన్ సింగ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 4-1 మెజారిటీతో మరణశిక్షను సమర్థించింది. అయితే అరుదైన వాటిలోకెల్లా అరుదైన సందర్భాల్లో, యావజ్జీవ శిక్ష ఏమాత్రం సరిపోదని తేలినప్పుడే దాన్ని వేయాలని, నేరంతో పాటు నేరస్థుడినీ చూడాలని స్పష్టం చేసింది. జస్టిస్ పి.ఎన్. భగవతి విభేదించారు. మూడేళ్లకే మచ్ఛీ సింగ్ తీర్పు హత్య జరిగిన తీరు, ఉద్దేశం, బాధితుల నిస్సహాయత వంటి అయిదు అంశాలను ముందుకు తెచ్చింది. అవి ప్రధానంగా నేరాన్ని కొలిచేవే కావడంతో దృష్టి మళ్లీ నేరం మీదికే మళ్లిందని 2012లో సంగీత్ కేసులో సుప్రీంకోర్టే అంగీకరించింది.

శిక్షపై విచారణ మాత్రం అనేక కోర్టుల్లో లాంఛనంగా మిగిలింది. దోష నిర్ధారణ జరిగిన రోజే, కొన్నిసార్లు గంటల వ్యవధిలోనే, ‘ముసలి తల్లిదండ్రులున్నారు, కనికరించండి’ అన్న ఒకటి రెండు వాక్యాలు నమోదు చేసి శిక్ష ప్రకటించేస్తారు. 1976లో సంతా సింగ్ కేసులో ఈ విచారణ తప్పనిసరని, 1989లో అల్లాఉద్దీన్ మియాన్ కేసులో సాధారణంగా దాన్ని మరో తేదీకి వాయిదా వేయాలని సుప్రీంకోర్టు చెప్పినా అలవాటు పోలేదు. పేద ముద్దాయికి తన బాల్యం, చదువు, మానసిక ఆరోగ్యం గురించి ఆధారాలు సేకరించే స్తోమత ఎక్కడిది? ఆ భారాన్ని అతని మీదే వదిలేస్తే విన్నామనడంలో అర్థం లేదు.

2022 మేలో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఈ భారంలో కొంత ప్రభుత్వంపై పెట్టింది. మరణశిక్షకు వీలున్న కేసుల్లో నిందితుడి వయసు, కుటుంబ నేపథ్యం, చదువు, ఆదాయం, మానసిక స్థితి వివరాలను విచారణ దశలోనే కోర్టు ముందుంచాలని, జైలులో ప్రవర్తనపై నివేదిక తెప్పించాలని ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబరులో, శిక్షపై అర్థవంతమైన విచారణ అంటే ఏమిటి, దానికి ఎంత సమయం ఇవ్వాలి అన్న ప్రశ్నలను అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించింది.