అదే బండ, రెండో భయం

దేవరకొండ అవతల ఒక ఊళ్లో, పంచాయతీ ఆఫీసు గడప దగ్గరి గ్రానైట్ బండ మీద రేడియేషన్ కొలిచే మిషను పెడితే టక్ టక్ అని చప్పుడు మొదలైంది. అందులో వింతేమీ లేదు, గ్రానైట్ అన్నాక ఎంతో కొంత యురేనియం, థోరియం ఉంటాయి, ఎక్కడ పెట్టినా అది టక్ టక్ అంటుంది. కానీ చుట్టూ ఉన్న పది మంది ఒక్కసారి వెనక్కి జరిగారు. ఒక పెద్దావిడ మాత్రం అక్కడే నిలబడి అడిగింది, "సారూ, అంటే మా ఊళ్లె యురేనియం ఉన్నట్టేనా?" ఉందమ్మా, కానీ ఇది మీ తాత ముత్తాతల కాలం నుంచీ ఉన్నదే, కొత్తగా వచ్చింది కాదు, భయపడకండి అన్నాను. నేను ఎన్నో ఊళ్లలో చెప్పిన జవాబే అది. ఆవిడ ఆలోచించకుండానే అనేసింది, "ఫ్లోరైడ్ గూడ అట్లనే ఉండె గద సారూ."

రేడియేషన్ రక్షణ పనిలో చాలా ఏళ్లు చేసి, సీనియర్ సైంటిస్ట్ అనిపించుకుని రిటైరైన మనిషిని. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నల్గొండలో యురేనియం అనగానే జనం ఎందుకు అంత గట్టిగా ఎదురు తిరుగుతారో హైదరాబాదులో కూర్చున్న చాలామందికి అర్థం కాదు, "అవగాహన లేదు" అనేస్తారు. అవగాహన ఎక్కువై వచ్చిన తంటా ఇది. అందుకే ఈ కథ కాస్త వెనక నుంచి మొదలుపెడుతున్నా.

1955లో రెండు జరిగాయి. నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ అనే డాక్టరు రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది, నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్ని, నడుముని ఎలా బిగుసుకుపోయేలా చేస్తుందో అందులో ఉంది. అదే ఏడాది డిసెంబర్‌లో నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. అంటే జబ్బు సంగతి ప్రపంచానికి తెలిసిన ఏడాదే మందు లాంటి కృష్ణ నీళ్లకు కూడా పునాది పడింది. కానీ ఆ నీళ్లు మెట్ట మీదున్న మర్రిగూడకో దేవరకొండకో ఎక్కలేదు, కిందికే పోయాయి. పైనున్న ఊళ్లకు బోర్లు దక్కాయి. చేదబావి నీళ్లలో పురుగులున్నాయి, బోరు నీళ్లు శుభ్రం అని చెప్పి వేశారు, ఆ మాట అబద్ధం కూడా కాదు, క్రిముల లెక్కన చూస్తే అవి శుభ్రమైనవే. కానీ లోతుకు పోయినకొద్దీ బండలో ఎక్కువ కాలం నానిన నీళ్లు వస్తాయి, వాటితోపాటు ఫ్లోరైడ్ వస్తుంది. 1970ల మొదట్లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లల గురించి లాన్సెట్‌లో రాశారు. ఆ తర్వాత పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. దానికి పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. కెన్యా, టాంజానియా దాకా పోయింది ఆ పేరు. నల్గొండ ఊళ్లు మాత్రం 2015లో చౌటుప్పల్‌లో వాటర్ గ్రిడ్, అదే మిషన్ భగీరథ, పైలాన్ లేచేదాకా ఎదురుచూస్తూనే ఉన్నాయి. శ్రీశైలం నుంచి నల్గొండకు కృష్ణ నీళ్లు తేవాల్సిన ఎస్‌ఎల్‌బీసీ సొరంగం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా యురేనియానికి ఎందుకు అంటారా? బండ ఒకటే కాబట్టి. దక్షిణ తెలంగాణ కింద ఉన్న ఈ గ్రానైట్‌లోనే ఫ్లోరైడ్ ఇచ్చే ఖనిజాలున్నాయి, అందులోనే యురేనియమూ ఉంది. రెండింటినీ నీళ్లలోకి దించేది కూడా దాదాపు ఒకే పరిస్థితి: క్షారగుణం, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లు. కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ కరిగి ఉండిపోతుంది, గాలి సోకిన బైకార్బొనేట్ నీళ్లలో యురేనియం కార్బొనేట్‌తో జతకట్టి తేలిగ్గా కదులుతుంది. మా లాబ్‌లో ఈ రెండూ వేరు వేరు ఫైళ్లు, వేరు వేరు సెక్షన్లు. ఆ పెద్దావిడకు ఒకటే బోరు.

ఇక మా శాస్త్రం పుట్టుక గురించి. రేడియేషన్ రక్షణ అనగానే మనవాళ్లకు హిరోషిమా గుర్తొస్తుంది. అసలు కథ గనుల్లోంచి మొదలైంది. జర్మనీలోని ష్నీబెర్గ్ గనుల్లో పనిచేసేవాళ్లు ఏదో కొండజబ్బుతో పోతుంటే, అది ఊపిరితిత్తుల కేన్సర్ అని 1879లో ఇద్దరు డాక్టర్లు తేల్చారు. అప్పటికి రేడియేషన్ అనే సంగతే లోకానికి తెలీదు, రాంట్జెన్ ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో, బెకెరెల్ యురేనియంలో రేడియోధార్మికత కనిపెట్టింది 1896లో. కారణం యురేనియం ఉన్న రాళ్లలోంచి వచ్చే రేడాన్ వాయువని అర్థం కావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. 1920లలో అమెరికాలో గడియారం ముళ్లకు రేడియం పూసే అమ్మాయిలు కుంచె మొన సన్నగా రావడానికి పెదాల మధ్య తిప్పేవాళ్లు, వాళ్ల దవడ ఎముకలు కుళ్లిపోయాయి. 1928లో స్టాక్‌హోంలో రేడియేషన్ రక్షణకు అంతర్జాతీయ కమిటీ ఏర్పడింది, అదే ఇప్పటి ఐసీఆర్‌పీ. అది పరిమితులు పెడుతూ, మళ్లీ తగ్గిస్తూ వచ్చింది. ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తాం, పనివాళ్లకు ఏడాదికి 50 మిల్లీసీవర్ట్‌లన్నది 1990లో ఐదేళ్ల సగటున 20కి దిగింది, మామూలు జనానికి 1. ఈ 1 అనేది ప్రకృతి నుంచి వచ్చేదానికి అదనంగా మనుషుల పనుల వల్ల వచ్చే దానికి పెట్టిన హద్దు, ప్రకృతి నుంచే ప్రపంచ సగటున 2.4 దాకా వస్తుంది. ఈ తేడా చెప్పకుండా అంకె ఒక్కటే చెబితే జనం అయోమయంలో పడతారు, మా వాళ్లు చాలాసార్లు చేసింది అదే.

ఒక్కటి ఒప్పుకోవాలి. పరిమితి ఎప్పుడు మారినా, మారినవైపు కిందికే. ముందు ఎవరో ఒకరి ఒంట్లో తెలియాలి, తర్వాత కాగితం మీద మారాలి. నలభై ఏళ్ల కింద "ఇది సేఫ్" అని చెప్పిన మనిషి అబద్ధమాడలేదు, కానీ విన్నవాళ్లకు అది గుర్తుంటుంది.

మన దగ్గరికి వద్దాం. అణు ఖనిజాల కోసం తవ్వి చూసే సంస్థ ఏఎండీ ప్రధాన కార్యాలయం బేగంపేటలోనే ఉంది. గ్రానైట్ మీద శ్రీశైలం రాతి పొరలు కూర్చున్న చోట, ఆ రెండూ కలిసే సందులో యురేనియం పోగుపడిందని వాళ్లు పట్టుకున్నారు. పెద్దవూర వైపు లంబాపూర్, పెద్దగట్టు, చందంపేట వైపు చిత్రియాల, ఇవన్నీ ఆ సందు మీద ఉన్న పేర్లే. కృష్ణ పక్కనే, సాగర్ జలాశయానికి దగ్గరలోనే, ఎక్కువగా లంబాడా తండాలు.

అక్కడ యురేనియం గని పెడతామని 2003 ఆగస్టులో పెద్దగట్టులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. మైకులో శాస్త్రవేత్తలు ఏం చెప్పారో నేను ఊహించగలను, ఎందుకంటే నేనున్నా అవే చెప్పేవాణ్ణి: ఎక్స్‌రే తీయించుకుంటే ఇంత, విమానం ఎక్కితే ఇంత, కేరళ తీరంలో కరునాగపల్లి మనుషులు ఇసుకలోని మోనజైట్ అనే థోరియం ఖనిజం పక్కనే తరతరాలుగా బతుకుతున్నారు, అక్కడ కేన్సర్ ఎక్కువేమీ కనబడలేదు. ఇవన్నీ నిజాలే. కానీ విమానం ఎక్కడం నా ఇష్టం, గని నా ఇష్టం కాదు అని తండా మనిషి అనుకుంటే తప్పేముంది? పైగా కరునాగపల్లి ఇసుక అక్కడే ఉంటుంది, గనిలోంచి తీసిన రాయిని పొడిచేసి, యురేనియం మాత్రం లాక్కుని, మిగతా బురదను చెరువులో పోస్తారు. రాయిలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఆ బురదలోనే మిగులుతుంది. అందులోని రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్లు. ఏ కంపెనీ, ఏ ప్రభుత్వం 1600 ఏళ్లు కాపలా కాస్తుంది? శాతవాహనులు ఈ నేలను ఏలింది అంతకంటే కొన్ని వందల ఏళ్ల ముందే, వాళ్ల ఆనవాళ్లు వెతకడానికే తవ్వకాలు చేసుకోవాల్సి వస్తోంది.

శుద్ధి కర్మాగారం మొదట మల్లాపురం అన్నారు. హైదరాబాద్‌కు తాగునీళ్లు పోయే అక్కంపల్లి రిజర్వాయరు దగ్గరే ఉందని గోల రేగితే శేరిపల్లికి మార్చారు. ఇక్కడ నాకు ఎప్పుడూ మండే విషయం ఒకటుంది: లంబాపూర్ తండాల నీళ్ల గురించి అడిగినప్పుడు రాని కదలిక, పట్నం నల్లా నీళ్లు అనగానే వచ్చింది. శేరిపల్లి వాళ్లు ఊరుకుంటారా, 2005లో అక్కడా హియరింగ్‌లో ఎదురు తిరిగారు. ప్రాజెక్టు ముందుకు కదల్లేదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో మాత్రం 2007లో శంకుస్థాపన జరిగి గని, మిల్లు వచ్చేశాయి. ఆ తర్వాత అక్కడ బురద చెరువు చుట్టుపక్కల రైతులు బోర్లు పాడైపోయాయని, అరటి దెబ్బతిందని చెప్పడం మొదలుపెట్టారు, గని నడిపే సంస్థ కాదంది. ఆ వార్తలు నల్గొండలో ఎంత శ్రద్ధగా చదివారో నాకు తెలుసు.

ఇప్పుడు నీళ్ల అంకె. దీని దగ్గర కాస్త ఆగాలి. తాగే నీళ్లలో యురేనియం లీటరుకు ఎంత ఉండొచ్చు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో 2 మైక్రోగ్రాములంది, 2004లో 15, 2011లో 30. ఇందాక హద్దులు కిందికే మారతాయన్నాను గదా, ఇది పైకి పోయిన ఒక్కటి, కిడ్నీల మీద మనుషుల్లో చేసిన పరిశీలనలు పెరిగి కొంత ధైర్యం వచ్చింది కాబట్టి. మన అణుశక్తి నియంత్రణ బోర్డు, అదే ఏఈఆర్‌బీ, 60 అంది. ఎందుకింత తేడా? ప్రపంచ ఆరోగ్య సంస్థ చూసింది రసాయన విషాన్ని, యురేనియం ఒక భార లోహంలా మూత్రపిండాల మీద చేసే పనిని. ఏఈఆర్‌బీ చూసింది రేడియేషన్ మోతాదుని. నీళ్లలోని యురేనియం విషయంలో కిడ్నీయే ముందు దెబ్బతినేది, రేడియేషన్ వెనక వస్తుంది. కాబట్టి ఒక బోరులో 45 ఉందనుకోండి, బోర్డు లెక్కన తాగొచ్చు, ప్రపంచ లెక్కన తాగకూడదు. చాలా ఏళ్లు నా పని ఈ రెండు జవాబుల మధ్య నిలబడి నవ్వుతూ మాట్లాడటమే. 2018లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు మన దేశంలో చాలా రాష్ట్రాల భూగర్భ జలాల్లో యురేనియం ఎక్కువుందని ప్రచురించాక, కేంద్ర భూగర్భ జల బోర్డు కూడా కొలిచింది. హద్దు దాటిన నమూనాలున్న రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. గని ఒక్కటీ లేకుండానే. చివరికి 2021లో మన తాగునీటి ప్రమాణంలో 30 చేరింది.

అంటే ఇన్నేళ్లు గని వద్దా కావాలా అని కొట్లాడుకుంటుంటే, గనితో సంబంధం లేకుండా బోర్లలో ఉన్నదాన్ని ఊరూరా కొలిచి చెప్పే పని ఎవరూ సరిగ్గా చేయలేదు. వ్యతిరేకించినవాళ్లూ అడగలేదు, తవ్వుతామన్నవాళ్లూ అడగలేదు. గని రాకముందు ఎంతుందో ఊరివాళ్ల చేతిలో కాగితం ఉంటే, వచ్చాక ఎంత పెరిగిందో వాళ్లే చెప్పగలరు. ఆ కాగితం లేకపోతే తర్వాత ఎవరేం చెప్పినా వాదనే.

కొలిచేది ఎవరన్నది ఇంకో తలనొప్పి. ఏఈఆర్‌బీ 1983లో వచ్చింది, కానీ దశాబ్దాల తరబడి అది లెక్క అప్పజెప్పింది అణుశక్తి కమిషన్‌కే. తవ్వేదీ ఆ ఇంటివాళ్లే, సరిచూసేదీ ఆ ఇంటివాళ్లే. 2012లో కాగ్ ఇదే ఎత్తిచూపింది. స్వతంత్ర సంస్థ కోసం 2011లో బిల్లు పెట్టారు, 2014లో లోక్‌సభతోపాటు అదీ పోయింది. మా లాబ్ అంకెలు తప్పని నేననను, ఎక్కువభాగం చాలా జాగ్రత్తగా చేసినవే. కానీ పెళ్లికొడుకు మేనమామ చెప్పిన మంచితనాన్ని పెళ్లికూతురి వాళ్లు ఎంత నమ్మాలో అంతే నమ్ముతారు.

2019లో నల్లమల వంతు వచ్చింది. అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో సర్వేకి మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనంది, నాలుగు వేల బోర్లు అన్నారు. అమ్రాబాద్, పదర, మన్ననూరు ఊళ్లు రోడ్డెక్కాయి, చెంచులు ముందు నిలబడ్డారు, సినిమా వాళ్లు కూడా సేవ్ నల్లమల అన్నారు. సెప్టెంబర్ 16న శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఆ రోజుల్లో వాట్సాప్‌లో మూడు కళ్ల పిల్లల ఫొటోలు తిరిగాయి, అవన్నీ చెత్త. సర్వే బోరు వేస్తే ఊరు మొత్తం కేన్సర్ రాదు. కానీ ఆ బోర్లు ఊరికే వేయరు కదా, బోరు తర్వాత ఏమొస్తుందో తెలిసినవాళ్లే అడ్డుపడ్డారు.

ఆ పెద్దావిడ విషయం చెప్పి ఆపుతా. వాళ్ల బోరు నీళ్లు పరీక్షకు కావాలంటే రెండు బాటిళ్లు నింపి తెచ్చింది. ఒకటి చాలమ్మా అన్నాను. "ఒకటి నీకు, ఇంకోటి నా కాడనే ఉంటది. నువ్వు లెక్క చెప్పినంక ఇంకోకాడ చూపిస్త" అంది. ఏమనుకోవాలో ఒక్క క్షణం తెలీలేదు. తర్వాత నా సంచిలోంచి నైట్రిక్ యాసిడ్ తీసి రెండో బాటిల్లోనూ చుక్కలు వేశాను, లేకపోతే యురేనియం సీసా గోడలకు అంటుకుపోయి అంకె తక్కువొస్తుంది. ఇది ఎవరూ తాగొద్దు, పిల్లలకు అందకుండా పెట్టు అని చెప్పి, మూత బిగించి, మార్కర్‌తో తేదీ, బోరు పేరు రాసి ఆవిడ చేతికిచ్చాను.