గుప్తేశ్వరం సైకిల్ చుట్టు: అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో సైకిళ్ళు బాగుచేయడం, సెలవుల్లో సరదా ఉన్నవాళ్ళను కొండల వైపు తీసుకెళ్ళడం నా పని. విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి వచ్చేవాళ్ళుంటారు, ఇక్కడి తెలుగువాళ్ళూ ఉంటారు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా విశాఖ జిల్లాయే కదా!

దారి ఇది: జయపురం నుంచి బోయిపరిగుడ, రామగిరి మీదుగా గుప్తేశ్వరం, అంటే సున్నపురాతి గుహలో శివుడి గుడి ఉన్న చోటు. రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు బోయిపరిగుడ దాకా వెనక్కి వచ్చి, కుంద్రా మీదుగా జయపురం. బోయిపరిగుడ, గుప్తేశ్వరం మధ్య ముక్క తప్ప చూసిన దారే మళ్ళీ చూడం. బయల్దేరేముందు నాకు వినబడే మాటలు మాత్రం ఎప్పుడూ అవే.

అపోహ: ఎక్కినంతా దిగుతాం కాబట్టి లెక్క సరిపోతుంది

ఎత్తు లెక్క సరిపోతుంది. టైము లెక్క సరిపోదు. 10 కిలోమీటర్ల ఎగువ గంటకు 6 కిలోమీటర్ల చొప్పున ఎక్కితే 100 నిమిషాలు. అదే 10 కిలోమీటర్లు 30 వేగంతో దిగితే 20 నిమిషాలు. మొత్తం 20 కిలోమీటర్లకు రెండు గంటలు, అంటే సగటు గంటకు 10. ఆరూ ముప్పై కూడి రెండుతో భాగించి పద్దెనిమిది అనుకున్నవాళ్ళు చీకటి పడ్డాక అడవిలో టార్చి వెతుక్కుంటారు. జయపురం నుంచి గుప్తేశ్వరం దాదాపు 60 కిలోమీటర్లు. ఊళ్ళో చదును రోడ్డు మీద 60 తొక్కిన అనుభవం ఇక్కడ కొలతకు పనికిరాదు. తెల్లారగానే బయల్దేరండి. మధ్యాహ్నం రెండు గంటలు నీడన కూర్చునే టైము కూడా లెక్కలో వేసుకోండి.

అపోహ: కోరాపుట్‌లో ఇంత వాన, నీళ్ళకేం కరువు?

నేను ఎక్కువసేపు చెప్పేది దీని గురించే. వాన నిజమే. కానీ కోరాపుట్ కొండలన్నీ ఒక రాయి కావు. తూర్పున దామన్‌జోడి, దేవమాలి వైపున్నవి వేరే రకం గట్టి రాళ్ళు, పైన బాక్సైట్ ఉన్నది ఆ వైపే. సున్నపురాయి కనిపించేది ఇటు పడమర, కొలాబ్ నది వైపు. వాన నీళ్ళు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త ఆమ్లంగా మారతాయి. ఆ నీళ్ళు సున్నపురాయి పగుళ్ళలోకి దిగి రాయిని కరిగించుకుంటూ పోతాయి. వేల ఏళ్ళకు పగులు సొరంగం అవుతుంది, సొరంగం గుహ అవుతుంది. పైన పారాల్సిన నీళ్ళు కిందికి జారిపోతాయి. అందుకే ఇలాంటి నేలలో చుట్టూ పచ్చగా ఉన్నా రోడ్డు పక్క గెడ్డ (వాగు) ఎండిపోయి కనబడొచ్చు.

ఎండలో కొండెక్కేటప్పుడు మనిషికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా నీళ్ళు కావాలి. బోయిపరిగుడలో సీసాలన్నీ నింపుకోండి. తర్వాత చూద్దాంలే అనుకోవద్దు.

అపోహ: రాతిలోంచి వచ్చే ఊట, మినరల్ వాటరే

ఇది పైదానికంటే ప్రమాదం. ఇసుక నేలలో నీళ్ళు మెల్లగా ఇంకుతూ కొంత వడకట్టుకుంటాయి. సున్నపురాతి సొరంగాల్లో ఆ వడపోత దాదాపు ఉండదు. పైన కొండ మీద పశువులు తిరిగిన చోటి మురికి, వాన పడితే గంటల్లోనే కింద ఊటలో తేలొచ్చు. చూడ్డానికి అద్దంలా ఉంటాయి, తాగితే చల్లగా కూడా ఉంటాయి. కాచి తాగండి, లేదా క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగండి. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడితే భయపడక్కర్లేదు, అది కరిగొచ్చిన సున్నమే, కడుపుకు హాని లేదు.

ఇదే కారణంతో వానాకాలంలో తెలియని గుహల్లోకి దూరవద్దు. మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన పడ్డ వాన లోపలికి ఒక్కసారిగా వచ్చేస్తుంది.

అపోహ: ఖరీదైన గేర్ల సైకిల్ లేకపోతే కొండెక్కలేం

గేర్లు కావాలి, ఖరీదు అక్కర్లేదు. అన్నిటికంటే తేలికైన గేరు ఏదో చూడండి. ముందు చిన్న పళ్ళ చక్రానికి 28, వెనక పెద్దదానికి 34 పళ్ళుంటే పెడల్ ఒక చుట్టు తిప్పినప్పుడు సైకిల్ రెండు మీటర్లు కూడా కదలదు. తేలిగ్గా ఎక్కేస్తారు. ముందు 44, వెనక 18 ఉన్న నల్ల సైకిలైతే అదే ఒక్క చుట్టుకు అయిదు మీటర్లపైనే లాగాలి. మోకాళ్ళు ఊరుకోవు. మావాళ్ళు దానిమీదే ధాన్యం బస్తా కట్టి ఎత్తు రాగానే దిగి నడిపిస్తారు. మీరూ దిగి నడిపించండి. "ఏటి బాబూ, తొక్కలేకపోతన్నావా?" అని ఏ తాతో అడుగుతాడు, అంతే.

అపోహ: దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండాలి

రిమ్‌ను పట్టే బ్రేకైతే ఇది ముమ్మాటికీ తప్పు. పొడుగాటి దిగువలో వదలకుండా పట్టి ఉంచితే రిమ్ వేడెక్కి ట్యూబు పేలొచ్చు. వేగం పెరగనిచ్చి, మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి, మళ్ళీ వదలాలి. సైకిల్‌ను ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. "పల్టీ కొడతాం" అని దాన్ని ముట్టనివాళ్ళకు ఊళ్ళోనే కాసేపు అలవాటు చేయించి తీసుకెళ్తాను. తడి రిమ్ ఆలస్యంగా పట్టుకుంటుంది, నునుపుదేరిన తడి సున్నపురాయి మీద టైరు అసలు పట్టుకోదు.

అపోహ: గుప్తేశ్వరుడు (గుహలోని శివలింగం) ఏటా పెరుగుతాడు

భక్తుల నమ్మకం జోలికి నేను పోను. గుహల్లోని సున్నపు వేలాడుల సంగతి మాత్రం చెప్పగలను. పైకప్పు నుంచి జారే చుక్కలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోగానే అందులోని సున్నం పలచటి పొరగా మిగులుతుంది. ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరిగితే అదే మామూలు. అంటే అంగుళానికి రెండు వందల ఏళ్ళపైనే. వేలితో రుద్దితే చర్మం జిడ్డు అంటుకుని ఆ చోట పెరుగుదల ఆగిపోవచ్చు. ఫొటో తీసుకోండి, ముట్టుకోకండి.

శివరాత్రికి, శ్రావణంలో బోల్‌బం జనం (కావడితో నీళ్ళు మోసుకొచ్చే శివభక్తులు) వచ్చేటప్పుడు ఈ ట్రిప్ పెట్టుకోకండి. గది దొరకదు, రోడ్డూ మనది కాదు.

అపోహ: తిండికి ఎనర్జీ బార్లు మోసుకెళ్ళాలి

సంతలో దొరికే చోడి (రాగి) అంబలి, ఉప్పు, ఉల్లిపాయ. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

అపోహ: చలికాలంలో దోమలుండవు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తొక్కడానికి మంచి కాలమే, కానీ ఈ జిల్లాలో మలేరియా ఉంది. రాత్రి దోమతెర, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. కుట్టిన వెంటనే జ్వరం రాదు. సాధారణంగా వారం దాటాకే, కొన్నిసార్లు నెలల తర్వాత వస్తుంది. అప్పటికి ట్రిప్ సంగతే మర్చిపోయి ఉంటారు, డాక్టరుకు చెప్పరు. ఇంటికెళ్ళాక చలిజ్వరం వస్తే, కోరాపుట్ అడవిలో పడుకున్నామని చెప్పి అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి.