పింఛను పంచిన కుర్రాళ్ళు నామినేషన్ వేస్తామంటే

పంచాయతీ ఎన్నికల మాట వచ్చిందంటే మా ఉత్తరాంధ్ర వైపు ఊళ్ళలో పాత గొడవ మళ్ళీ లేస్తుంది. రామకోవెల దగ్గర కూర్చున్న పెద్దలు ఏకగ్రీవం అంటారు. ఈసారి మేమూ నామినేషన్ వేస్తామని కుర్రాళ్ళు అంటారు. చీపురుపల్లి నుంచి టెక్కలి దాకా టీకొట్ల దగ్గర ఇదే చర్చ. 2021 ఫిబ్రవరిలో గెలిచినవాళ్ళ అయిదేళ్ళ లెక్క 2026 ఏప్రిల్‌తో సరి.

దీని వెనక కథేంటో చెప్తాను. ఓటు వయసు 21 నుంచి 18కి ఎలా తగ్గింది, పంచాయతీల గురించి రాజ్యాంగ 73వ సవరణ ఏం చెప్పింది అనే పాఠం ఇక్కడ మళ్ళీ చెప్పను. ఒక్క సంగతి గుర్తుంటే చాలు. 21 ఏళ్ళు నిండితే సర్పంచ్‌గా పోటీ చేయొచ్చు. వయసు విషయంలో చట్టం దగ్గర అడ్డు లేదు. అడ్డల్లా కుర్రాడితో పెద్దలనే "గుంటడివి, నీకేటి తెలుస్తాది" అన్న మాట దగ్గరే.

ఆ మాట బలం ఎప్పుడు తగ్గిందని ఎవరైనా అడిగితే నేను 2019 ఆగస్టు 15 అంటాను. ప్రభుత్వ పథకాలను ఇంటింటికీ చేర్చే వాలంటీర్ల వ్యవస్థ మొదలైన రోజు అది. యాభై ఇళ్ళకు ఒకరు, వయసు 18 నుంచి 35, నెలకు 5 వేల గౌరవ వేతనం. రాష్ట్రమంతా రెండున్నర లక్షలమందికి పైనే. అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. 2020 ఫిబ్రవరి నుంచి ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను ఇంటి గుమ్మంలోకి వెళ్ళింది. ఈ పథకం మంచిదా చెడ్డదా అని పార్టీలు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నాయి. నాకు కావలసింది అది కాదు.

అంతకుముందు మా ఊళ్ళో కాగితం ఎలా నడిచేదో చూసినవాళ్ళకే నా మాట అర్థమవుతుంది. రేషన్ కార్డులో పేరు ఎక్కాలన్నా, పింఛనుకు దరఖాస్తు పెట్టాలన్నా ఒక పెద్దాయన అరుగు దగ్గర నిలబడాలి. 2014 తర్వాత లబ్ధిదారులను ఎంపిక చేసే జన్మభూమి కమిటీలు వచ్చాయి, అరుగు మారింది గానీ నిలబడడం మారలేదు. ఎవరు నిలబడ్డారు, ఎవరు నిలబడలేదు అన్నది పెద్దాయన గుర్తుపెట్టుకునేవాడు. ఎన్నికల రోజున ఆ లెక్క బయటికొచ్చేది.

2019లో ఆ కాగితం ఇంటర్ చదివి ఖాళీగా ఉన్న కుర్రాడి ఫోన్‌లోకి, డిగ్రీ అయి ఇంట్లో ఉన్న కోడలి ఫోన్‌లోకి వెళ్ళింది. ఏ ముసలమ్మ వేలిముద్ర మిషన్ మీద పడదో, ఎవరి ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుందో, ఏ ఇంట్లో మగాళ్ళందరూ చెన్నైకి వలసపోయారో, కిడ్నీ జబ్బుల ఉద్దానంలో డయాలసిస్‌కి ఎవరెవరు వెళ్తున్నారో వీళ్ళకే తెలిసింది. అరుగు మీది పెద్దాయన కూడా తన పింఛనుకు ఈ గుంటడి కోసమే ఎదురు చూశాడు. మా వైపు ఇది చిన్న సంగతి కాదు.

కానీ వీళ్ళకు ఇచ్చింది మోసే పని మాత్రమే. ఎవరికి అర్హత, ఎంత సొమ్ము, ఏ రోడ్డు ముందు వేయాలి అనేవి వీళ్ళ చేతిలో లేవు. చెక్ పవర్ సర్పంచ్‌ది, లెక్క కార్యదర్శిది, పథకం రాజధానిది. వాలంటీర్ ఏమైనా అభిప్రాయం చెబితే పార్టీ మనిషి అన్నారు. చాలామంది అలా నడుచుకున్న మాటా నిజమే, అది దాచక్కర్లేదు. 2024 సార్వత్రిక ఎన్నికల ముందు, మార్చి 30న ఎన్నికల కమిషన్ వీళ్ళను పింఛన్ల పంపిణీకి దూరంగా ఉంచమంది. వేలమంది రాజీనామా చేశారు. జులై 1న సచివాలయ ఉద్యోగులే పింఛన్లు పంచారు. గౌరవ వేతనం 10 వేలు చేస్తామన్న తమ హామీ ఉండగానే, ఎన్నికల్లో గెలిచిన కొత్త ప్రభుత్వం కొలువులో ఎవరూ లేరంది, పాత జీవో గడువు ఎప్పుడో తీరిపోయిందంది. కాగితం ప్రకారం అది సరే. యాభై ఇళ్ళు తిరిగినవాళ్ళ నడిగితే మాత్రం, పొమ్మని చెప్పడానికైనా మమ్మల్ని ఎవరూ పిలవలేదంటారు.

ఉద్యోగం పోయింది గానీ తెలిసినది పోలేదు. ఇవాళ నామినేషన్ అంటున్నవాళ్ళలో నాకు తెలిసిన చాలామంది వీళ్ళే. ఇంకో పార్టీ వైపు కుర్రాళ్ళూ వీళ్ళను చూసే లేచారు. వాడు పోటీ చేస్తే నేనెందుకు చేయకూడదన్నది వాళ్ళ లెక్క.

పెద్దల వాదనా చెప్పాలి. పోటీ అంటే ఖర్చు, కొట్లాట, పోలీసు కేసులు. ఊరు రెండు ముక్కలైతే అమ్మవారి పండగ కూడా కలిసి చేసుకోలేరు. పైగా ఏకగ్రీవమైతే ప్రభుత్వమే డబ్బిస్తుంది. 2021లో 2 వేల లోపు జనాభా ఉన్న పంచాయతీకి 5 లక్షలు, 5 వేల లోపు అయితే 10 లక్షలు, 10 వేల దాకా 15, ఆపైన 20 లక్షలు ప్రకటించారు. ఏకగ్రీవాలపై ప్రభుత్వం ఇచ్చిన ప్రకటనల మీద అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్‌కీ ప్రభుత్వానికీ పెద్ద రగడే నడిచింది. ఆ డబ్బుతో ఊరికి సిమెంటు రోడ్డు పడితే మంచిదే. అయితే ఏకగ్రీవం కోసం ఎవరు తప్పుకోవాలో తేల్చే చోట పాతికేళ్ళవాళ్ళు ఉండరు. గుడికి ఎంత ఇవ్వాలి, ఎవరి పేరు ఖాయం అన్నది రాత్రికి తేలిపోతే, పొద్దున్న కుర్రాడి తండ్రికి కబురొస్తుంది.

ఒక్క దారి మాత్రం అనుకోకుండా తెరుచుకుంది. మహిళలకు సగం రిజర్వేషన్ కావడంతో చదువుకున్న కోడళ్ళు చిన్న వయసులోనే సర్పంచులయ్యారు. కానీ చాలాచోట్ల కుర్చీలో మావగారే, సంతకం మాత్రమే కోడలిది. సంతకం పెట్టీ పెట్టీ ఎదురు అడగడం నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ గురించి వేరే రాయాలి.

మరి నేర్చుకునే చోటేది? కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లో ఉమ్మడి రాష్ట్రంలోనే ఆగాయి. గొడవలే కారణమన్నారు. విద్యార్థి ఎన్నికలపై లింగ్డో కమిటీ ఇచ్చిన సిఫార్సులను 2006లో అమలు చేయమని సుప్రీంకోర్టు చెప్పినా ఇక్కడ కదలిక లేదు. పద్దెనిమిదేళ్ళకు ఓటు 1989లో చేతికొచ్చింది, దాదాపు అదే కాలంలో కాలేజీలో ఓటు పోయింది.

పైస్థాయిలోనూ తేడా పెద్దగా లేదు. యువతను శాంతి, భద్రత నిర్ణయాల్లో కలుపుకోవాలని ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 2015 డిసెంబరులో 2250వ తీర్మానం చేసింది. 2022లో యువత కోసం ప్రత్యేక కార్యాలయం పెట్టాలని సర్వసభ్య సభ తీర్మానించింది. ప్రపంచ జనాభాలో సగం ముప్పై లోపువాళ్ళే, పార్లమెంటుల్లో వాళ్ళ వాటా మాత్రం 2023 లెక్కలో 2.8 శాతం. మన 18వ లోక్‌సభలో నలభై దాటనివాళ్ళు 11 శాతం. శ్రీకాకుళం నుంచి రామ్మోహన్ నాయుడు 26 ఏళ్ళకే ఎంపీ అయ్యారు, 36కి కేంద్ర కేబినెట్ మంత్రి. పార్వతీపురం, సాలూరు కలిసిన అరకు సీటు నుంచి 2019లో గొడ్డేటి మాధవి గెలిచింది కూడా 26 ఏళ్ళ వయసులోనే. ఇద్దరి తండ్రులూ చట్టసభల్లో కూర్చున్నవాళ్ళే. తండ్రి వార్డు మెంబరైనా కాని కుర్రాడికి ఇది ధైర్యమా, అధైర్యమా అన్నది మీరే చెప్పండి.

గ్రామసభ ఉందిగా, వచ్చి మాట్లాడొచ్చుగా అంటారు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు, సంతోషం. అది శుక్రవారం, పని దినం. మా కుర్రాళ్ళలో సగం పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో షిఫ్టులో ఉన్నారు, మిగతావాళ్ళు హైదరాబాద్‌లో. ఉపాధి పనులు ఏవి ముందు పెట్టుకోవాలో తేల్చింది ఊళ్ళో ఉన్న ముసలివాళ్ళే. ఆ సభకు వాళ్ళు వచ్చారు, వీళ్ళు రాలేదు. ఇందులో పెద్దల తప్పేమీ లేదు.

ఇప్పుడు రగడ నడుస్తున్నది చిన్న కాగితం దగ్గర. సర్పంచ్ డిపాజిట్ 2021లో 3 వేలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 1,500. అదేదో కుర్రాళ్ళు తలా కొంచెం వేసుకుంటారు. అభ్యర్థి పేరును ప్రతిపాదిస్తూ అదే పంచాయతీ ఓటరు ఒకరు సంతకం పెట్టాలి, దొరకనిది అదే. ప్రతి నెలా ఒకటో తారీఖున తలుపు తీసి పింఛను అందుకున్న ఇళ్ళలోనే, ఇప్పుడు సంతకం అడిగితే మావగారు వచ్చాక చూద్దాం అంటున్నారు.