కార్ల కంటే పాత పద్దు: స్విస్ పీట్ నేలలో దాగిన సీసం

గాలిలో సీసం అనగానే గుర్తొచ్చేది పెట్రోలు. అందులో సీసం సమ్మేళనం కలిపి అమ్మడం అమెరికాలో 1923లో మొదలైంది. మన దేశమంతటా ఆగింది 2000 ఫిబ్రవరి 1న. కానీ గాలిలో సీసం పద్దు అంతకంటే చాలా పాతది. అది చెక్కుచెదరకుండా మిగిలిన చోట్లలో ఒకటి స్విట్జర్లాండ్‌లోని జురా కొండల మీది పీట్ నేల, ఎటాంగ్ ద లా గ్రుయేర్.

పీట్ అంటే సగం కుళ్లి ఆగిపోయిన మొక్కల పొర. నీళ్లు నిలిచి గాలి ఆడని చోట స్ఫాగ్నమ్ నాచు చచ్చి, దాని మీదే కొత్త నాచు మొలుస్తుంది. అలా ఏడాదికి మిల్లీమీటరు అటూ ఇటూగా పేరుకుంటుంది. మందం పెరిగి పైభాగం ఊటనీటికి అందనంత ఎత్తుకు లేచాక, ఆ నాచుకు చేరేవి వాన, మంచు, ధూళి మాత్రమే. గాలి చరిత్రకు అన్నిటికంటే నమ్మదగినది ఈ పై భాగమే. కింద ఊటనీరు తగిలే చోట రాళ్ల ఖనిజాలూ కలుస్తాయి. ఆ హద్దు ఎక్కడుందో కాల్షియం చెబుతుంది. లోతుకు పోయేకొద్దీ అది ఒక్కసారిగా పెరిగితే ఊటనీటి పొర వచ్చినట్టే.

నమూనా తీయడంలోనే సగం తప్పులు జరుగుతాయి. పై మీటరు స్పాంజిలా ఉంటుంది. గొట్టం దింపితే అణగిపోతుంది. పది సెంటీమీటర్లు అణగితే వందేళ్ల లెక్క గల్లంతు. అందుకే పై భాగాన్ని పదునైన అంచులున్న పెట్టెతో కోసి తీస్తారు. లోతు పొరలకు నిలువునా సగానికి చీల్చినట్టుండే గొట్టం. తీసినదాన్ని గడ్డకట్టించి, సన్నని బిళ్లలుగా కోసి, అంచులు చెక్కి పారేస్తారు. పై పొరల సీసం పనిముట్టుకు అంటుకుని కిందికి జారుతుంది మరి. పాత పొరల్లో సహజ సీసం ఎంత తక్కువంటే, ఆ మరక చాలు, లెక్క చెడటానికి.

ఇక సీసం గాఢత ఒక్కటే చూస్తే మోసపోతాం. పీట్ ఎక్కువ కుళ్లితే మొక్క పదార్థం తగ్గి, సీసం ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. అందుకే గాఢతను సాంద్రతతో, పేరుకునే వేగంతో గుణిస్తారు. ఉదాహరణకు గ్రాముకు 50 మైక్రోగ్రాములు, ఘన సెంటీమీటరుకు 0.08 గ్రాములు, ఏడాదికి 0.1 సెంటీమీటరు అనుకుంటే, చదరపు మీటరుకు ఏడాదికి 4 మిల్లీగ్రాములు రాలినట్టు. ఇందులో మట్టిధూళి వాటా ఎంత? స్కాండియం అనే లోహం ధూళితోనే వస్తుంది, కొలుములకూ గనులకూ దానితో పని లేదు. సహజ ధూళిలో సీసం, స్కాండియం నిష్పత్తి ఎంతో తెలిస్తే ధూళి వాటా తీసేయొచ్చు. మిగిలిందే మనుషుల పుణ్యం.

విలియం షాటిక్ బృందం 1998లో ‘సైన్స్’ పత్రికలో ఇచ్చిన లెక్క ఇది (ఏళ్లు రేడియోకార్బన్ ఏళ్లు, అంటే కర్బన-14 ఎంత తరిగిందో చూసి కట్టిన లెక్క; పంచాంగపు ఏళ్లు కావు). 8,030 నుంచి 5,320 ఏళ్ల కిందటి వరకూ ఏడాదికి చదరపు మీటరుకు 0.01 మిల్లీగ్రాము మాత్రమే రాలింది. తర్వాత అడవి నరికి దున్నడంతో ధూళి పెరిగింది. 3,000 ఏళ్ల కిందట, అంటే సుమారు క్రీ.పూ. 1200 ప్రాంతంలో, సీసం, స్కాండియం నిష్పత్తి పెరగసాగింది: గనులు, కొలుములు. అప్పటినుంచీ పెద్ద వాటా మనుషులదే. గరిష్ఠం 1979లో, 15.7 మిల్లీగ్రాములు. సహజస్థాయికి 1,570 రెట్లు.

ఆ సీసం ఏ గనిదో ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు, సూచిస్తాయి. సీసం-206 యురేనియం-238 నుంచీ, సీసం-207 యురేనియం-235 నుంచీ పుడతాయి. రెండో యురేనియం తొందరగా తరిగిపోతుంది కాబట్టి, చాలా పాత ఖనిజంలో 206/207 నిష్పత్తి తక్కువ. స్థానిక ధూళిలో అది సుమారు 1.20, ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ ఖనిజంలో 1.04. పెట్రోలులో అలాంటి ఖనిజం కలిసిన కాలానికి పీట్‌లోనూ నిష్పత్తి పడిపోయింది.

మనకు దగ్గర్లో నీలగిరుల్లోనూ పీట్ ఉంది. కాకపోతే అది లోయల్లో, చుట్టూ ఉన్న వాలుల నుంచి నీరూ మట్టీ చేరే చోట. సీసం లెక్కకు అది ఇబ్బంది. 1993లో అక్కడి పీట్ నుంచి చదివింది వేరే కథ: కర్బన ఐసోటోపుల్లో గడ్డి మైదానాలూ అడవులూ ఒకదాన్నొకటి నెట్టుకున్న 20 వేల ఏళ్లు, వాటి వెనకున్న వానలు.