బీపీ 110 ఉంది కదా అని ఊరుకోకండి

కర్నూలు-అనంతపురం హైవేలో యాక్సిడెంటయిన మనిషిని ఆసుపత్రికి తెస్తారు, పై బీపీ చూస్తే 110, వెంటొచ్చినోళ్లు హమ్మయ్య అనుకుంటారు, కానీ డాక్టరు ధ్యాసంతా నాడి మీదే, అది 120 కొడుతుంటే లోపల ఎక్కడో నెత్తురు పోతోందని ఆయన అనుమానం. పెద్దోళ్ల ఒంట్లో ఉండేదే సుమారు 5 లీటర్లు. ముప్పావు లీటరు పోయినా పెద్దగా బయటపడదు, లీటరున్నర దాకా కూడా పై బీపీ దాదాపు మామూలుగానే కనపడొచ్చు, ఎందుకంటే గుండె స్పీడు పెంచుతుంది, చేతులు కాళ్ల రక్తనాళాలు బిగుసుకుని ఉన్న కాస్త నెత్తుర్నీ మెదడుకీ గుండెకీ మళ్లిస్తాయి. అందుకే అరచేతులు చల్లబడి చెమటలు పడతాయి, ఉచ్చ తగ్గిపోతుంది. పై బీపీకీ కింది బీపీకీ తేడా ముందే దగ్గరపడుతుంది, 120/80 కాస్తా 110/90 అవుతుంది. పై నంబరు నిజంగా పడిపోయిందంటే ఒళ్లు చేతులెత్తేసినట్టే. వాంతులు విరేచనాలతో నీరు పోయినా ఇదే దారి. ఇట్లా ఒంటికి చాలినంత నెత్తురు అందని స్థితినే డాక్టర్లు షాక్ అంటారు.

గుండెపోటులో వచ్చే షాక్‌లోనూ చేతులు చల్లగానే ఉంటాయి, కానీ ఇక్కడ నెత్తురుకి కొదవలేదు, దాన్ని తోసే గుండెకే బలం లేదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మనోళ్లేమో "ఒక సెలైన్ ఎక్కించండి సార్" అంటారు, అది ఎక్కువైతే ఇంకా ఆయాసం!

సెప్సిస్‌ది ఇంకో కథ. ఇన్ఫెక్షన్ వల్ల రక్తనాళాలు వదులైపోతాయి, మొదట్లో చేతులు వెచ్చగానే ఉంటాయి, బోరు మోటరు ఫుల్లుగా తిరుగుతున్నా పైపు వెడల్పయితే ఫోర్సు రాదు చూడండి, అట్లా. సెలైన్‌తో పాటు నాళాల్ని బిగించే నార్‌అడ్రినలిన్ కూడా పెట్టి సగటు బీపీ (పైదీ కిందిదీ కలిపి లెక్కగట్టేది) 65 కంటే తగ్గకుండా చూస్తారు. చెట్టు మీంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటే బీపీ తగ్గినా నాడి నిదానంగానే కొడుతుంది, గుండెని తొందరపెట్టే నరాల దారే తెగిపోయింది మరి. గుండె చుట్టూ నెత్తురు చేరి నొక్కేస్తే మాత్రం మెడ మీది రక్తనాళాలు ఉబ్బుతాయి, ఆ నెత్తురు బయటికి తీస్తేనే దిక్కు.

మన సీమలో శెనక్కాయ చేలల్లో, రాళ్ల సందుల్లో ఎర్రతేలు కుడితే ఇంకా తిరకాసు. విషానికి ఒంట్లో అడ్రినలిన్ లాంటివి వరదలా వస్తాయి, బీపీ ముందు పైకి లేస్తుంది, తర్వాత గుండె అలిసిపోయి కిందికి పడుతుంది. మహారాష్ట్రలో మహాడ్ డాక్టరు హిమ్మత్‌రావ్ బావస్కర్ దీనికి ప్రజోసిన్ అనే బీపీ మాత్రని వాడి ప్రాణాలు నిలబెట్టాడు, 2022లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ మందు పట్టిందని తెలిసేదీ చెమట ఆరి చేతులు కాళ్లు మళ్లీ వెచ్చబడినప్పుడే, ఒక్క బీపీ మిషన్ చూసి కాదు.