టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ పెరిగినట్టా?

థైరాయిడ్ రిపోర్టులో టీఎస్‌హెచ్ అంకె పెద్దగా కనిపిస్తే చాలామంది ‘థైరాయిడ్ ఎక్కువైంది’ అనుకుంటారు. జరిగింది సాధారణంగా దానికి తలకిందులు. టీఎస్‌హెచ్‌ను తయారుచేసేది థైరాయిడ్ కాదు. మెడలోని ఆ గ్రంథికి పని పురమాయిస్తూ తలలోంచి పీయూష గ్రంథి (పిట్యుటరీ) పంపే హార్మోన్ అది. పిలిస్తే పలకనివాణ్ని గొంతు పెంచి పిలుస్తాం కదా, థైరాయిడ్ మందగించినప్పుడు పీయూష గ్రంథి చేసేదీ అదే.

ఈ పీయూష గ్రంథి బఠానీ గింజంత ఉంటుంది, బరువు అర గ్రాము. పుర్రె అడుగున జీను ఆకారపు ఎముక గుంటలో కూర్చుని ఉంటుంది. పాఠాల్లో దీన్ని ‘మాస్టర్ గ్లాండ్’ అని చదువుకున్నాం. నన్నడిగితే ఆ బిరుదు కాస్త ఎక్కువే. దానికి పైన మరో యజమాని ఉంది, మెదడు అడుగునుండే హైపోథాలమస్. అక్కడ పుట్టిన చిన్న చిన్న హార్మోన్లు మధ్యనున్న కాడలోని సన్నని రక్తనాళాల గుండా నేరుగా పీయూష గ్రంథి ముందు భాగానికి దిగుతాయి. వెనక భాగమైతే ఉత్త గోదాము. అది వదిలే ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ రెండూ హైపోథాలమస్‌లో తయారైనవే. తల్లికి పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్ తీరు మరీ చిత్రం. హైపోథాలమస్ దాన్ని డోపమైన్ అనే రసాయనంతో ఎప్పుడూ అణచిపెట్టి ఉంచుతుంది. కాడ తెగితే మిగతా హార్మోన్లు పడిపోతాయి, ఇదొక్కటే పెరుగుతుంది.

పై నుంచి వచ్చే ఈ ఆదేశాలను పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు రోజర్ గిల్లెమిన్ గొర్రెల మెదళ్లతోనూ, ఆండ్రూ షాలీ పందుల మెదళ్లతోనూ పోటాపోటీగా ఏళ్లు గడిపారు. లక్షల జంతువుల హైపోథాలమస్‌లు వడగడితే దక్కింది మిల్లీగ్రాముల్లోనే. టీఎస్‌హెచ్‌ను విడుదల చేయించే హార్మోన్ నిర్మాణం 1969లో తేలింది. చూస్తే అందులో ఉన్నవి మూడే అమైనో ఆమ్లాలు! 1977లో వాళ్లిద్దరితో నోబెల్ పంచుకున్న మూడో వ్యక్తి రోజలిన్ యాలో. రక్తంలో హార్మోన్లు మిల్లీలీటరుకు గ్రాములో వందకోట్ల వంతుల్లో, కొన్ని అంతకన్నా తక్కువగా ఉంటాయి. రేడియోధార్మికత సాయంతో వాటిని కొలిచే పద్ధతిని ఆమె సాలమన్ బెర్సన్‌తో కలిసి కనిపెట్టింది. బెర్సన్ 1972లోనే చనిపోవడంతో బహుమతిలో ఆయన పేరు లేదు.

కొలవడం వచ్చాక అసలు చిక్కు మొదలైంది, అంకెను ఎలా చదవాలని. థైరాయిడ్ హార్మోన్ రక్తంలో పెరిగితే పైనున్న పీయూష గ్రంథి, హైపోథాలమస్ రెండూ వెనక్కి తగ్గుతాయి, తరిగితే జోరు పెంచుతాయి. అందుకే టీఎస్‌హెచ్‌నూ, ఫ్రీ టీ4నూ (థైరాయిడ్ వదిలే టీ4 హార్మోన్‌లో రక్తంలో విడిగా తిరిగే భాగం) జంటగా చూడాలి. ఫ్రీ టీ4 తక్కువ, టీఎస్‌హెచ్ ఎక్కువ అయితే లోపం థైరాయిడ్‌లో ఉంది. ఫ్రీ టీ4 తక్కువగా ఉన్నా టీఎస్‌హెచ్ మామూలుగానో తక్కువగానో ఉంటే, పిలవాల్సినవాడే పిలవడం లేదన్నమాట. టీఎస్‌హెచ్ ఒక్కటే చేయించినవాళ్లలో ఈ రెండో లోపం కంటపడదు. మందు మోతాదు మార్చిన వారానికే మళ్లీ పరీక్షకు పరిగెత్తడమూ వృథా. టీ4 సగానికి తగ్గడానికే సుమారు 7 రోజులు పడుతుంది. అందుకే 6 నుంచి 8 వారాలు ఆగమంటారు.

కొన్ని హార్మోన్లకు గడియారం కూడా చూడాలి. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు వదిలే కార్టిసాల్ ఉదయం 8 ప్రాంతంలో ఎక్కువ, అర్ధరాత్రి బాగా తక్కువ. వేళ రాయని కార్టిసాల్ రిపోర్టుకు అర్థం లేదు. గ్రోత్ హార్మోన్ ఉండుండి ఎగసి పడుతుంది కనుక, ఆరోగ్యవంతుల్లోనూ ఒకోసారి దాదాపు సున్నా చూపిస్తుంది. దానికి బదులు, దాని ప్రభావంతో కాలేయం వదిలే ఐజీఎఫ్-1 అనే హార్మోన్‌ను కొలుస్తారు. గ్రోత్ హార్మోన్ మితిమీరిందని అనుమానం ఉంటే గ్లూకోజు తాగించి చూస్తారు. గ్రోత్ హార్మోన్ అణగాలి, అణగలేదంటే పీయూష గ్రంథిలో కణితి కోసం వెతుకుతారు.

ఈ ఎగసిపాట్లు వట్టి అలంకారం కావు. ఎర్నెస్ట్ నోబిల్ బృందం 1978లో కోతులపై దీన్ని తేల్చింది. పునరుత్పత్తిని నడిపే హైపోథాలమస్ హార్మోన్‌ను గంటకోసారి ఇస్తే పీయూష గ్రంథి చక్కగా స్పందించింది. అదే హార్మోన్‌ను ఆగకుండా ఎక్కిస్తే మొద్దుబారి పని మానేసింది. ప్రొస్టేట్ క్యాన్సర్‌కూ, పిల్లల్లో మరీ ముందే వచ్చే యవ్వనానికీ ఇప్పుడిచ్చే కొన్ని ఇంజెక్షన్లు ఈ మొద్దుబారడం మీదే పనిచేస్తాయి.

ఇన్ని చూసుకున్నా రిపోర్టు బోల్తా కొట్టించవచ్చు. జుట్టు కోసం మింగే బయోటిన్ మాత్రలు కొన్ని పరీక్షా పద్ధతులకు అడ్డుపడి, టీఎస్‌హెచ్‌ను తక్కువగా, ఫ్రీ టీ4ను ఎక్కువగా చూపిస్తాయి. కాగితం మీద థైరాయిడ్ ఉరకలేస్తుంటుంది, మెడలోనిదేమో తన పని తాను మామూలుగా చేసుకుపోతుంటుంది. రక్తం ఇచ్చే ముందు ఆ మాత్రల సంగతి డాక్టరుకు చెప్పండి.