అర జీబీ గోదాములో పత్తి బేళ్లు

పరకాల నుంచి ఒక పాఠకుడు రాశారు. ఇంటి మీద వాన, ఎండ కొలిచే సెన్సర్లు పెట్టుకుని వాటిని రాస్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డుకు తగిలించారట. ర్యామ్ 512 ఎంబీ. పది పదిహేను రోజులు బ్రహ్మాండంగా నడిచి, ఉన్నట్టుండి బిగుసుకుపోతుందట. ప్లగ్గు పీకి పెడితే మళ్లీ మామూలే. "స్వాప్ ఉంటే మెమరీ కార్డు పాడవుతుందని అది కూడా తీసేశాను సార్. అయినా అంతే. ఎక్కువ ర్యామ్ ఉన్న బోర్డు కొనమంటారా?" అని ప్రశ్న. (స్వాప్ అంటే ర్యామ్ నిండినప్పుడు అందులోని డేటాను తోసి పెట్టడానికి కార్డు మీద కేటాయించే చోటు.)

ఆగండి, కొనకండి. ఈ రోగం మా ఇంటికీ వచ్చింది. దాని పుట్టుపూర్వోత్తరాలు నాకు బాగా తెలుసు.

హనుమకొండలో మా డాబా మీద నీళ్ల ట్యాంకు మట్టం చూడటానికి అలాంటి బోర్డే ఒకటి పెట్టాను. రెండు వారాలకోసారి ఆగేది. "ఏందిరా, మల్ల పండుకున్నదా నీ డబ్బా?" అని మా అమ్మ రోజూ అడిగేది. ఒక శనివారం ఆమె దానికి నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి కట్టింది. ఆ తర్వాత పద్నాలుగు రోజులు గట్టిగా నడిచింది. అదే పొద్దున నేను ప్లగ్గు పీకి పెట్టిన సంగతి ఎవరికీ పట్టలేదు, పేరంతా నిమ్మకాయకే పోయింది. అయితే ఒకటి. రోజూ రాత్రి 3 గంటలకు దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా పెట్టుకుని చేతులు దులుపుకునే ఇంజనీర్లు చాలామంది ఉన్నారు. వాళ్లు మా అమ్మను చూసి నవ్వకూడదు. రెండూ పనిచేస్తాయి, ఎందుకు పనిచేస్తాయో రెండూ చెప్పవు.

బోర్డు బిగుసుకున్నప్పుడు మీరు గమనించాల్సింది దాని మీదుండే చిన్న ఆకుపచ్చ లైటు. అది మెమరీ కార్డుతో లావాదేవీ జరిగినప్పుడు వెలుగుతుంది. మామూలు రోజుల్లో ఎప్పుడో ఒకసారి మిణుక్కుమంటుంది. మా బోర్డు ఆగిన రాత్రి పైకెక్కి చూస్తే అది ఆరకుండా వెలుగుతోంది. స్వాప్ నేనూ తీసేసే ఉన్నాను. ర్యామ్ నిండితే అందులోని సరుకును కార్డుకు తోసే దారే లేదు. మరి కార్డు దగ్గర ఆ హడావిడి ఎవరిది?

ఇక్కడ మా మేనమామ గుర్తొస్తాడు. ఆయన జమ్మికుంటలో ఒక జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. సెలవులకు పోతే పిల్లలందరం గోదాములో పత్తి కుప్పల మీద దూకేవాళ్లం, కనురెప్పలకు దూది అంటుకునేది. సీజన్లో గోదాము నిండిపోతే మామ రెండు రకాల సరుకును వేరు చేసి చూసేవాడు. ఒకటి పత్తి. దాన్ని బయట పారేస్తే పోయినట్టే, మళ్లీ రాదు. రెండోది కాగితాల కట్టలు: తూకం చిట్టీల నకళ్లు, లోడింగు పట్టీలు. అసలు కాపీలు మార్కెట్ ఆఫీసులో ఉంటాయి. చోటు కావాలంటే కట్టలు పారేయొచ్చు, అవసరమైతే ఆఫీసుకు పోయి మళ్లీ రాసుకుని రావొచ్చు.

ర్యామ్‌లో కూడా సరిగ్గా ఈ రెండు రకాలే ఉంటాయి. ఈ బోర్డును నడిపించే లినక్స్ మెమరీని 4,096 బైట్ల పేజీలుగా కోస్తుంది. 512 ఎంబీ అంటే 1,31,072 పేజీలు. మీ ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ పుట్టించుకున్న డేటా పత్తి లాంటిది, దానికి ఇంకెక్కడా నకలు లేదు. కార్డు మీదున్న ఫైళ్లలోంచి చదివి పెట్టుకున్న పేజీలు కాగితాల కట్టలు. ఈ రెండో రకంలో జనం మరిచిపోయేది ఒకటుంది. ప్రోగ్రాము కోడ్ కూడా ఫైలే. ఇప్పుడు, ఈ క్షణాన, ప్రాసెసర్ అమలు చేస్తున్న ఆదేశాలు కూడా పారేయదగిన కాగితాల కిందికే వస్తాయి.

స్వాప్ లేకపోతే పత్తిని గోదాము దాటించే వీల్లేదు. పత్తి పెరుగుతున్న కొద్దీ కెర్నెల్ (మెమరీని పంచిపెట్టే లినక్స్ గుండెకాయ) చేయగలిగిందల్లా కాగితాలు పారేయడమే. ముందు పాతవి, తర్వాత నిన్నటివి, చివరికి హమాలీ చేతిలో ఉన్న లోడింగు పట్టీ కూడా. హమాలీ ఒక బస్తా ఎత్తుతాడు, రెండో బస్తా ఎక్కడ వేయాలో చూద్దామంటే పట్టీ లేదు. ఆఫీసుకు పరుగు. పట్టీ తెచ్చేసరికి గుమాస్తా చేతిలోది మాయం. ఆయనా పరుగు. అందరూ రోడ్డు మీదే ఉంటారు, బస్తా మాత్రం కదలదు. ఆకుపచ్చ లైటు ఆరకపోవడానికి కారణం ఇదే. కార్డుకు రాయడం లేదు, ఒకే కోడ్‌ను అదే పనిగా మళ్లీ మళ్లీ చదువుతోంది.

దీన్ని థ్రాషింగ్ అంటారు. 1962లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో అట్లాస్ అనే యంత్రం 16 వేల పదాల కోర్ మెమరీని (అప్పటి ర్యామ్), 96 వేల పదాల తిరిగే డ్రమ్మును కలిపి ప్రోగ్రాముకు ఒకే మెమరీలా చూపించింది. ఆ సౌకర్యంతో పాటే ఈ జబ్బూ వచ్చింది. 1968లో పీటర్ డెన్నింగ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దానికి కారణం తేల్చాడు. ఏ ప్రోగ్రాముకైనా ఒక్కో దశలో చేతికింద తప్పక ఉండాల్సిన పేజీల గుంపు ఒకటుంటుంది, అది పట్టనంత వరకు యంత్రం పని కన్నా పేజీల రవాణాయే ఎక్కువ చేస్తుంది. మా రోజుల్లో ఈ పాఠానికి పరీక్షలో ఒకటే ప్రశ్న: మూడు ఫ్రేములు, ఇరవై అంకెల వరస, పేజ్ ఫాల్టులు (చేతిలో లేని పేజీ కోసం పరుగులు) ఎన్ని? పది మార్కులు. గీతలు గీసి తెచ్చుకున్నాను గానీ ఊపిరాడని యంత్రాన్ని కళ్లతో చూసింది నలభై దాటాక, మా డాబా మీద. పిల్లల ముందు ఒక చిన్న బోర్డు పెట్టి దాన్ని ఉక్కిరిబిక్కిరి చేసి చూపిస్తే ఆ పాఠం ఒక్క పూటలో అయిపోతుంది.

మరి మెమరీ అయిపోతే ఎవరో ఒకరిని చంపి చోటు చేసే ఊమ్ కిల్లర్ ఉంది కదా, అది రాదేం? వస్తుంది, చాలా ఆలస్యంగా. చోటు వెతికిన ప్రతిసారీ కెర్నెల్‌కు నాలుగు కాగితాలు దొరుకుతూనే ఉంటాయి. "ఇంకా దొరుకుతోంది కదా" అనుకుంటుంది. అవి మరుక్షణం వెనక్కి రావాల్సినవేనని దాని లెక్కలోకి సరిగా రాదు.

ఇంతకీ మందు? స్వాప్‌ను కార్డు మీద పెట్టడం మీకు ఇష్టం లేదు, న్యాయమే. ఫ్లాష్ మెమరీలో ఒక్కో గడిని చెరిపి రాసే సార్లకు లెక్క ఉంటుంది. ఒక్క గడిలో మూడు బిట్లు కుక్కే చౌక రకాలకు అది వేలల్లోనే. కానీ మామ చేసిన పని చూడండి. గోదాము నిండినప్పుడు ఆయన పత్తిని బయటికి పంపలేదు, గింజ తీసిన దూదిని ప్రెస్సులో పెట్టి బేలు కట్టించాడు. లారీకి ఉబ్బిపోయి వచ్చిన సరుకు 170 కిలోల బేళ్లయి ఒక మూలకు సర్దుకునేది. ఆ మూల కూడా గోదాములోదే.

జెడ్‌ర్యామ్ అంటే ఆ ప్రెస్సు. 2014లో 3.14 వెర్షన్‌తో లినక్స్ కెర్నెల్‌లో పూర్తిగా కలిసింది. అది ర్యామ్‌లోనే ఒక ఉత్తుత్తి డిస్కును సృష్టిస్తుంది. కెర్నెల్ దాన్ని మామూలు స్వాప్ అనుకుని, చాలాసేపుగా ఎవరూ ముట్టని పేజీలను అందులోకి తోస్తుంది. తోసిన పేజీని అది కుదించి ర్యామ్‌లోనే ఒక మూల పెడుతుంది. లెక్క వేద్దాం. 512లో మనకు వాడుకోవడానికి మిగిలేది 420 ఎంబీ అనుకోండి. 250 ఎంబీ చల్లారిన పేజీలు రెండున్నర రెట్లు కుదిస్తే 100 ఎంబీలో పడతాయి. మిగిలిన 320, బేళ్లలోని 250, వెరసి 570 ఎంబీ సరుకు 420 ఎంబీ గోదాములో. కార్డు మీద ఒక్క బైటు రాయలేదు. బేలు విప్పడానికి పట్టేది కొన్ని పదుల మైక్రోసెకన్లు. కార్డు దాకా పోయి రావడం మిల్లీసెకన్ల మాట.

మెమరీ అంతలా ఎలా నలుగుతుంది? అందులో గాలే ఎక్కువ గనక. కుదింపు పద్ధతులు చాలావరకు 1977లో లెంపెల్, జివ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పిన ఉపాయం సంతానమే: ఇంతకు ముందు వచ్చిందే మళ్లీ వస్తే రాయకు, "ఇన్ని అడుగులు వెనక్కి పోయి ఇన్ని బైట్లు తెచ్చుకో" అని రాసుకో. పైథాన్‌లో 41.2 అనే ఒక్క ఉష్ణోగ్రత 24 బైట్లు తింటుంది. అసలు విలువ 8 బైట్లే. ఇంకో 8 బైట్లు "నన్ను ఎందరు వాడుతున్నారు" అనే లెక్క, చాలాసార్లు అది ఉత్త 1. మిగతా 8 "నేను దశాంశ సంఖ్యను" అని చెప్పే చిరునామా, ప్రతి దశాంశ సంఖ్యలోనూ అక్షరం తేడా లేకుండా అదే. 64 బిట్ల చిరునామాల పై రెండు బైట్లు ఎలాగూ సున్నాలే. 24లో 16 బైట్లు చర్వితచర్వణమైతే నలగక ఏమవుతుంది? పేజీ మొత్తం సున్నాలే అయితే జెడ్‌ర్యామ్ బేలు కూడా కట్టదు, "ఖాళీ బస్తా" అని చిట్టీ రాసి పెట్టుకుంటుంది. జేపెగ్ బొమ్మలు, వీడియోల డేటా మాత్రం నలగదు. అది ముందే కట్టిన బేలు. కెమెరా పెట్టినవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

రెండు మరలు తిప్పాలి. కాగితాలు పారేయడానికి బదులు పత్తిని స్వాప్‌లోకి తోయడానికి కెర్నెల్ ఎంత మొగ్గు చూపాలో చెప్పే అంకె స్వాపీనెస్, మామూలుగా 60 ఉంటుంది. పత్తిని కదిలించడం ఖరీదైన పని అనుకున్న కాలపు అంకె అది. జెడ్‌ర్యామ్‌తో దాన్ని 100కో పైకో పెంచండి (5.8 కెర్నెల్ నుంచి 200 దాకా ఒప్పుకుంటుంది), అప్పుడు లోడింగు పట్టీలు హమాలీ చేతిలో నిలుస్తాయి. పేజ్ క్లస్టర్ మామూలు విలువ 3, అంటే ఒక పేజీ అడిగితే 8 దాకా తెస్తుంది. తిరిగే డిస్కుకు అది తెలివే, పోయినవాడు పక్కనున్నవీ పట్టుకొస్తాడు. ఇక్కడ ఒక్క బేలు కోసం ఎనిమిది విప్పడం దండగ. 0 చేయండి. కుదింపు రకాల్లో ఎల్‌జెడ్4 చురుకు, జెడ్‌స్టాండర్డ్ గట్టిగా నొక్కుతుంది గానీ నెమ్మది. చిన్న ప్రాసెసర్‌కు నేను మొదటిదే పెట్టాను.

ఇక మా డబ్బా అసలు దోషం. చెప్పుకోవడానికి సిగ్గే. నా ప్రోగ్రాము 2 సెకన్లకోసారి చదివిన కొలతను ఒక లిస్టుకు చేర్చి, ఫైలుకూ రాసేది. లిస్టును ఎక్కడా ఖాళీ చేయలేదు. దీన్నే మెమరీ లీక్, అంటే మెమరీ కారడం అంటారు. రోజుకు 43,200 కొలతలు, ఒక్కోటి దాదాపు అర కిలోబైటు, అంటే రోజుకు 21 ఎంబీ పైన. ఖాళీగా ఉన్న 300 ఎంబీ పద్నాలుగు రోజుల్లో నిండేది. నిమ్మకాయ గడువు కూడా అంతే కదా! జెడ్‌ర్యామ్ పెట్టాక ఆ గడువు నెల దాటింది, ఎందుకంటే కారిపోయిన డేటానే చక్కగా నలిగేది. కారడం మాత్రం ఆగలేదు. లిస్టును చివరి వంద కొలతలకు కుదించాక ఆగింది.

కాబట్టి మీరు చూడాల్సింది మెమరీ ఎంత ఉందన్నది కాదు, అది రోజురోజుకూ ఎలా తగ్గుతోందన్నది. అప్పుడు కూడా free అనే ఆదేశం చూపించే పట్టికలో "ఫ్రీ" అనే గడిని చూసి టెన్షన్ పడకండి, అందులో కాగితాల కట్టల చోటు కలవదు. "అవైలబుల్" చూడండి. రోజూ ఒకే వేళకు ఆ అంకె రాసుకుంటే వారంలో తేలిపోతుంది.

బోర్డు ఆగడానికి ఇంకో కారణం కరెంటు. సన్నటి చార్జింగ్ వైరు ఉంటే ముందు అది మార్చండి. వోల్టేజీ 4.63 కిందికి పడితే చాలా బోర్డులు తెర మీద మెరుపు గుర్తు చూపిస్తాయి. మనం దాన్నీ మెమరీ ఖాతాలోనే వేస్తాం.

చివరగా వాచ్‌డాగ్. ప్రాసెసర్‌లోనే ఉండే గడియారం ఇది. 15 సెకన్లలోపు ఎవరూ తట్టకపోతే బోర్డును తనే రీస్టార్ట్ చేస్తుంది. అందరూ సిస్టమ్‌డీతో (లినక్స్‌లో మిగతా ప్రోగ్రాములను లేపి, చూసుకునే ప్రోగ్రాము) తట్టించి ఊరుకుంటారు. మా బోర్డు థ్రాషింగ్‌లో పడి గిలగిలలాడుతున్నప్పుడు కూడా సిస్టమ్‌డీ ఎలాగో తన వంతు వచ్చి తట్టిపోయేది, కుక్క మొరగలేదు. ఇప్పుడు కొలత ఫైలుకు చేరిన తర్వాతే నా ప్రోగ్రామే తన ఉనికి చెబుతుంది. నిమిషం పాటు చెప్పకపోతే సిస్టమ్‌డీ దాన్ని చంపి మళ్లీ లేపుతుంది. డాబా మీద నిమ్మకాయ ఎండి నల్లబడింది. అమ్మ దాన్ని విప్పనివ్వడం లేదు.